విజయపథం అనే గుహ - దాటే పద్ధతి



ఏటా ఈ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి మంచి వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి మేము ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నాం. వార్డెన్ గారు కోప్పడకుండా చివరి దాకా చదవాలని మనవి. ఆ ఆటలో కూడా ఒక వార్డెన్ గారు ఉన్నారు, ఆయన సంగతి కూడా వస్తుంది.

డిగ్రీ చివరి సంవత్సరంలో సెలవులకు ఊరు పోకుండా ఒకే గదిలో ముగ్గురం మిగిలాం. తోటి విద్యార్థి ఒకరు పాత గేమ్ బాయ్ అడ్వాన్స్ యంత్రాన్ని పది రోజులకు అరువిచ్చారు. దానికి రెండు పెన్సిల్ సెల్లు కావాలి. ముగ్గురం చేతి ఖర్చుల డబ్బు కలిపి సెల్లు కొన్నాం. అప్పటికి మాలో ఒకడు ఒక పేపరు తప్పి ఉన్నాడు. చదువు మానేసి పనికి పోతానని పెట్టె సర్దుకున్నాడు. ఈ పది రోజులూ ఉండి పొమ్మని మేమే ఆపాం.

ఆట సంగతి

ఆట పేరు పోకెమాన్. జపాన్‌కు చెందిన గేమ్ ఫ్రీక్ సంస్థ తయారుచేసిన మొదటి రెండు ఆటలు 1996 ఫిబ్రవరి 27న విడుదలయ్యాయి. వాటిని రూపొందించిన సతోషి తజిరికి చిన్నప్పుడు పురుగులను పట్టి పోగుచేయటం సరదా. ఈ ఆట ఆలోచన ఆ సరదాలోంచే పుట్టింది. మొదటి ఆటల్లో ఉన్న వింత జీవులు 151. మేము ఆడింది ఆ పాత కథనే కొత్త హంగులతో 2004లో తెచ్చిన ఫైర్ రెడ్.

ఊరూరా తిరిగి జీవులను పట్టి పెంచాలి. ఎనిమిది మంది గురువులను ఓడించి ఎనిమిది బ్యాడ్జీలు సంపాదించాలి. వెంట ఒకేసారి ఆరు జీవులనే ఉంచుకోవచ్చు. ఒక్కో జీవికి నాలుగు విద్యలే పడతాయి.

ఎనిమిది బ్యాడ్జీలు వచ్చాక విరిడియన్ సిటీకి పడమటి దారి పట్టాలి. దారి పొడవునా కాపలావాళ్ళు ఒక్కో బ్యాడ్జీ చూసి పంపిస్తారు. మధ్యలో నీళ్ళు దాటాలి. ఆ తర్వాత వచ్చే మూడు అంతస్తుల గుహ పేరు విక్టరీ రోడ్, అంటే విజయపథం. దాని అవతల ఇండిగో ప్లాటోలో నలుగురు మేటి యోధులు, వాళ్ళ తర్వాత చిన్ననాటి ప్రత్యర్థి ఉంటారు. అన్ని బ్యాడ్జీలూ చేతిలో ఉన్నాయి కదా, ఇక గుహ ఎంత అనుకున్నాం. మొదటి రోజే రెండుసార్లు విరిడియన్ సిటీ ఆస్పత్రిలో తేలాం.

ఎందుకు ఓడాం?

మేము ఒక్కదాన్నే పెంచాం. మంటలు కక్కే ఛారిజార్డ్ అది. మిగిలిన ఐదూ పేరుకే ఉన్నాయి. ఛారిజార్డ్‌కు నిప్పు గుణం, ఎగిరే గుణం రెండూ ఉన్నాయి. ఈ రెండింటికీ రాతి దెబ్బ గిట్టదు కాబట్టి ఆ దెబ్బ దానికి నాలుగింతలు తగులుతుంది. గుహ నిండా రాళ్ళే. ఓనిక్స్ అనే రాతి పాము విసిరిన బండలకు మా వీరుడు పడిపోయాడు. వెనక నిలబడాల్సినవాళ్ళను మేము తయారుచేసుకోలేదు.

ఇంకో తప్పు కూడా చేశాం. ఏ దెబ్బ బాగా పనిచేసిందో, ఏది పనిచేయలేదో ఆ వెంటనే ఆట ఒక ఇంగ్లీషు వాక్యంలో చెబుతుంది. మేము తెలుగు మీడియం వాళ్ళం. ఇంగ్లీషు కనబడగానే బటన్ నొక్కి దాటేయటం అలవాటైపోయింది. మూడో రోజు నుంచి ఒకరు బటన్ నొక్కితే ఒకరు పైకి చదివేవాళ్ళు. తెలియని మాట వస్తే ఆగి డిక్షనరీ తీశాం. సగం గుహ అక్కడే తేలికైంది.

దాటే పద్ధతి

మొదటిది, జట్టు కూర్పు. రాతి జీవులకు నీరు, ఆకు గుణం ఉన్నవి విరుగుడు. మాచాప్ వంటి మల్లయోధులకు ఎగిరేవి, మనోబలం ఉన్నవి కావాలి. గోల్‌బ్యాట్ వంటి గబ్బిలాల మీద కరెంటు బాగా పనిచేస్తుంది. సాఫ్రాన్ సిటీలోని సిల్ఫ్ కంపెనీ భవనంలో ఒక ఉద్యోగి లాప్రాస్‌ను ఉచితంగా ఇస్తాడు. దాన్ని తెచ్చుకొని మూల పడేయకండి. నీళ్ళు దాటిస్తుంది, ఓనిక్స్‌ను పడగొడుతుంది, చివర్లో లాన్స్ అనే యోధుడి డ్రాగన్లకు దాని మంచు విద్యే మందు.

రెండోది, బండలు తోసే విద్య. దీని పేరు స్ట్రెంగ్త్. ఇది ఫ్యూషియా సిటీలో ఉండే సఫారీ జోన్ వార్డెన్ గారి దగ్గర దొరుకుతుంది. ఆయన బంగారు కట్టుడు పళ్ళు పోగొట్టుకొని, ఏం మాట్లాడినా అర్థం కాని స్థితిలో ఉంటారు. సఫారీలో పడి ఉన్న పళ్ళు వెతికి ఇస్తే సంతోషించి విద్య నేర్పుతారు. ఈ విద్య ఒకసారి నేర్పితే మామూలుగా చెరిగిపోదు, కాబట్టి ఎవరికి నేర్పాలో ముందే ఆలోచించుకోవాలి. మేము రాక్ టనెల్‌లో పట్టిన మాచాప్‌కు నేర్పాం. యుద్ధంలో దాన్ని ఎప్పుడూ లెక్కచేయలేదు, కానీ అది లేకపోతే మొదటి అంతస్తు కూడా దాటేవాళ్ళం కాదు.

మూడోది, బండల వరస. నేల మీద మీటలుంటాయి. బండను తోసి మీట మీద నిలిపితే దారికి అడ్డంగా ఉన్న గోడ తొలగుతుంది. బండను తోయగలం గానీ లాగలేం. ఒక్కసారి మూలకు చేరిందంటే ఇక కదలదు. అందుకని తోసే ముందు ఎక్కడ నిలబడాలో, ఎన్ని అడుగులు పోవాలో లెక్కవేసుకోవాలి. మేము చిత్తుకాగితం మీద గళ్ళు గీసుకున్నాం. మూడో అంతస్తులో ఒక కన్నం ఉంది. బండను అందులోకి తోస్తే రెండో అంతస్తులో పడుతుంది. మనమూ అందులోకే దూకి ఆ బండను కింద ఉన్న మీట మీదికి తోయాలి. పైకి పోవటానికి ఒకసారి కిందికి దూకాలన్న మాట.

నాలుగోది, శక్తి పొదుపు. రిపెల్ అనే మందు చల్లుకుంటే, మన వరసలో ముందున్న జీవి కంటే తక్కువ స్థాయి అడవి జీవులు దరికి రావు. మామూలుది 100 అడుగులు, సూపర్ రిపెల్ 200, మ్యాక్స్ రిపెల్ 250 అడుగులు పనిచేస్తుంది. గుహలో కాచుకొని ఉండే మనుషుల మీద మాత్రం అది పనిచేయదు. వాళ్ళ జీవుల స్థాయి నలభై పైనే. ప్రతి నిచ్చెన దగ్గరా ఆగి దెబ్బలు చూసుకోండి, ఆటను సేవ్ చేయండి. మందులన్నీ గుహలోనే వాడేయకండి. అవతలి ఐదు పోరాటాలకు మధ్యలో ఆస్పత్రి ఉండదు.

వెనక్కి దిగిన నిచ్చెన

ఆరో రోజు రాత్రి రెండో అంతస్తులో బండ మూలకు ఇరుక్కుంది. ఆట మొత్తం పాడైందని, మొదటి నుంచి ఆడాలని ఇద్దరం యంత్రం పక్కన పెట్టేశాం. పేపరు తప్పిన మా మిత్రుడు దాన్ని తీసుకొని ఏమీ మాట్లాడకుండా నిచ్చెన దిగి కింది అంతస్తుకు పోయాడు. మళ్ళీ పైకి ఎక్కాడు. బండ మొదట ఉన్న చోటే ఉంది! ఆ గుహ నియమమే అది. అంతస్తు దాటి వెళ్ళి తిరిగి వస్తే ఇరుక్కున్న బండ తన చోటికి వచ్చేస్తుంది.

ఇంకో నియమం కూడా అప్పుడే గమనించాం. జట్టంతా పడిపోతే కొంత డబ్బు పోతుంది, మళ్ళీ ఆస్పత్రి నుంచి నడవాలి. కానీ అప్పటిదాకా వచ్చిన అనుభవం పోదు. గుహలో ఒకసారి ఓడించినవాళ్ళు మళ్ళీ అడ్డం రారు. అంటే ఓడిపోయి తిరిగి వచ్చినవాడికి అదే గుహ మొదటిసారి కంటే చిన్నదవుతుంది.

తొమ్మిదో రోజు గుహ దాటాం. చివరి యోధులను మాత్రం ఓడించలేకపోయాం. పదో రోజు యంత్రం తిరిగి ఇచ్చేశాం. మా మిత్రుడు సర్దిన పెట్టె విప్పి, పాత నోట్సు పైకి తీశాడు. ఎందుకని మేము అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ వారంలో సప్లిమెంటరీ ఫీజు కట్టటానికి ముగ్గురం కలిసే వెళ్ళాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన ఇళ్ళలో ఈ దారిన ముందు నడిచి చెప్పినవాళ్ళు తక్కువ. ఎక్కడ బండ ఇరుక్కున్నా అంతా అయిపోయిందనే అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది. అప్పుడు పెట్టె సర్దే ముందు ఒక్కసారి నిచ్చెన దిగి, మళ్ళీ ఎక్కి చూడండి. పక్క మంచం మీద ఉన్నవాడిని కూడా వెంట తీసుకుపోండి. గుహలోకి ఆరుగురిని తీసుకుపోవచ్చు, ఒక్కరే పోవాలని ఎక్కడా రాయలేదు.