నీళ్లకీ తోడు వెయ్యాలి

మా మనవడు కిట్టుగాడు మొన్న ఆదివారం పొద్దున్నే ఏడుపు మొహంతో వచ్చాడు. "తాతా, మూడో చేప కూడా తేలిపోయింది."

పుట్టినరోజుకి వాళ్ల నాన్న కొనిచ్చిన గాజుతొట్టి అది. బిందెడు నీళ్లు పడతాయేమో, అందులో అయిదు గోల్డ్ ఫిష్‌లు. (అయిదెందుకురా అంటే, కొట్టువాడు ఒకటి ఊరికే ఇచ్చాడట!)

"నీళ్లు మార్చడం లేదేమో" అన్నాను.

"రోజూ మారుస్తున్నా. ఫిల్టర్ స్పాంజి కూడా కుళాయి కింద పెట్టి పిండి పిండి కడుగుతున్నా."

అదీ సంగతి. వాడి శుభ్రమే చేపల కొంప ముంచింది.

వాణ్ణి వంటింట్లోకి తీసుకెళ్లాను. వాళ్ల బామ్మ పాలు తోడు పెడుతోంది. "ఆ చెంచాడు పెరుగు వెయ్యకపోతే ఏమవుతుందో అడుగు" అన్నాను. "ఏమవుతుంది, పాలు పాడైపోతాయి" అంది ఆవిడ తలెత్తకుండానే.

చేపల తొట్టి కూడా అంతేరా అబ్బాయ్. చేప తిన్నది అరిగాక దాని ఒంట్లో అమ్మోనియా పుడుతుంది. మన ఒళ్లయితే దాన్ని యూరియాగా మార్చి బయటికి పంపుతుంది. చేపకి ఆ బాదరబందీ లేదు. మొప్పల్లోంచి తిన్నగా నీళ్లలోకి వదిలేస్తుంది. పెద్ద చెరువులో ఫరవాలేదు గానీ బిందెడు నీళ్లలో అది విషం. దాన్ని తినే బాక్టీరియా జట్టు ఒకటుంది, అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే! ఇంకో జట్టు వచ్చి దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ నైట్రేట్‌ను చేపలు చాలావరకు తట్టుకుంటాయి, మొక్కలకైతే ఎరువు. ఈ రెండు జట్లూ కాపురముండేది స్పాంజిలో, గులకరాళ్ల మీద. కొత్త తొట్టిలో అవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మా వాడు మొదటిరోజే చేపల్ని వదిలాడు. వచ్చిన కాసిని బాక్టీరియానీ రోజూ క్లోరిన్ నీళ్లతో కడిగి పారబోశాడు. కుళాయి నీళ్లలో క్లోరిన్ కలిపేదే బాక్టీరియాను చంపడానికి కదా. పైగా అది మొప్పల్ని కూడా కాల్చేస్తుంది.

వాణ్ణనేం లాభం? పెద్ద పెద్ద జూలు కట్టినవాళ్లే ఒకప్పుడు ఈ పని చేశారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యరోజుల్లో జబ్బుల భయంతో బోనులకు టైల్సు గోడలు, సిమెంటు నేల వేసి, రోజూ పైపుతో కడిగేవారు. కోతిని తీసుకెళ్లి స్నానాలగదిలో కాపురం పెట్టినట్టన్నమాట. అది ఏం చేస్తుంది పాపం, పక్కదాన్ని కరుస్తుంది. ఏనుగులకైతే గట్టినేల మీద నిలబడి నిలబడి పాదాలు దెబ్బతినేవి. ఎన్ని గజాల జాగా అన్నదొక్కటే చాలదు, ఆ జాగాలో ఏముందో చూడండని హైనీ హెడిగర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త 1940ల నుంచీ మొత్తుకున్నాడు.

1982లో ఒక పరిశోధన అచ్చయింది. ఎనిమిది జాతుల కోతులకు, నేలమీద చెక్కపొట్టు మందంగా పరిచి, అందులో గింజలు చల్లి చూశారు. కోతులు పొట్టు కెలుక్కుంటూ గింజలేరుకున్నాయి, కొట్లాటలు తగ్గాయి. నాకు నచ్చిన ముక్క ఇంకోటుంది. ఆ పొట్టు పాతబడేకొద్దీ అందులో రోగకారక బాక్టీరియా బతకడం కష్టమైందట. పొట్టు మురికని మనం ముక్కు మూసుకుంటాం. అది తన కాపలా తనే కాచుకుంటోంది!

మళ్లీ నీళ్ల దగ్గరికొద్దాం. కొన్నేళ్ల కిందట అమెరికాలో మావాళ్లింటికి వెళ్లినప్పుడు కాలిఫోర్నియాలోని మాంటరే బే అక్వేరియం చూశాను. 1984లో తెరిచారు. అంతకుముందు అక్కడ సార్డీన్ చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ ఉండేదట. ఇరవై ఎనిమిది అడుగుల ఎత్తు తొట్టి ఒకటుంది, అందులో కెల్ప్ అనే సముద్రపు నాచు అడవిలా పెరుగుతుంది. కెల్ప్‌కు వేళ్లతో తిండి లాక్కోవడం రాదు. ఒళ్లంతటితోనూ నీళ్లలోని సారం పీల్చుకుంటుంది. నీళ్లు నిలిచిపోతే దాని చుట్టూ ఉన్న సారం అయిపోతుంది, మళ్లీ రాదు. అందుకని అలలు పుట్టించే యంత్రం పెట్టారు. హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకరైన డేవిడ్ ప్యాకార్డే దాన్ని తయారుచేశాడు. కోటీశ్వరుడై ఉండి చేతులకు గ్రీజు పూసుకున్నాడంటే నాకు ముచ్చటేసింది. ఎండ పడాలని తొట్టికి పైకప్పు వెయ్యలేదు. కెల్ప్ రోజుకి నాలుగంగుళాలు పెరుగుతుంటే మనుషులు లోపలికి దిగి కత్తిరిస్తుంటారు.

నీళ్లు పక్కనున్న సముద్రంలోంచే వస్తాయి, ఉప్పు కొలిచి కలిపే పని లేదు. పగలు వాటిని వడగట్టి పంపుతారు, చూడ్డానికొచ్చిన మనకు తేటగా కనబడాలిగా. జనం వెళ్లిపోయాక, రాత్రిళ్లు వడపోత ఆపేసి సముద్రపు నీటిని ఉన్నదున్నట్టు లోపలికి వదులుతారు. ఆ మసకనీళ్లతో కంటికి ఆనని పిల్లజీవులు, నాచు విత్తులు వస్తాయి. వాటినేరుకు తినే జీవులకది భోజనం. మిగిలినవి రాళ్లకి అతుక్కుని అక్కడే పెరుగుతాయి. ఎవరూ తెచ్చిపెట్టని జీవులు ఆ తొట్టిలో ఎన్నో ఉన్నాయి.

"అంటే రాత్రిపూట తోడు వేస్తారా తాతా?" అన్నాడు ఇదంతా విని కిట్టుగాడు.

విషయం తలకెక్కిందనుకున్నాను. వెంటనే లేచి ఎదురింటికి పరుగెత్తాడు. వాళ్లకి రెండేళ్లుగా చేపలున్నాయి. పది నిమిషాల్లో గిన్నెడు గోధుమరంగు నీళ్లతో తిరిగొచ్చాడు, వాళ్ల స్పాంజి పిండిన నీళ్లట. గుమ్మంలో బామ్మ అడ్డం నిలబడింది.

"ఒరేయ్, అది నా పెరుగు గిన్నె కాదు గదా?"