పురుగుమందు డబ్బాపై రంగు గుర్తు: జంతు ప్రయోగాల నైతికత, ప్రత్యామ్నాయాలు

పురుగుమందు డబ్బాపై మూల మీద నిలబెట్టినట్లుండే ఒక చతురస్రం ముద్రించి ఉంటుంది. దాని పై సగంలో హెచ్చరిక పదం, కింది సగంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఏదో ఒకటి ఉంటుంది. రైతు శిక్షణ కార్యక్రమాలలో విస్తరణ శాస్త్రవేత్తలు తప్పనిసరిగా వివరించే అంశాలలో ఇది ఒకటి. ఎరుపు అత్యంత విషపూరితమనీ, ఆకుపచ్చ స్వల్ప విషపూరితమనీ రైతులకు తెలియజేస్తారు. అయితే ఆ రంగును నిర్ణయించే అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న శిక్షణలో గానీ తరగతి గదిలో గానీ అరుదుగా వినిపిస్తుంది. ప్రయోగశాలలో మందు ఇచ్చిన ఎలుకలలో ఎన్ని మరణించాయన్న లెక్క ఆ అంకెకు ఆధారం.

జంతు ప్రయోగాల నైతికతను సాధారణంగా వైద్య, ఔషధ, సౌందర్య సాధనాల రంగాలకు చెందిన విషయంగా పరిగణిస్తారు. వాస్తవానికి సస్యరక్షణ, పశుపోషణ, కలుపు యాజమాన్యం వంటి వ్యవసాయ శాఖలన్నీ ఈ ప్రయోగాల ఫలితాలపై ఆధారపడినవే. కనుక ఈ ప్రయోగాలు ఎందుకు మొదలయ్యాయి, వాటి పరిమితులేమిటి, ప్రత్యామ్నాయాలు ఎంతవరకు సిద్ధంగా ఉన్నాయి అన్న విషయాలపై వ్యవసాయ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు స్పష్టమైన అవగాహన అవసరం.

ఎల్‌డి-50 అంటే ఏమిటి?

ఒక పదార్థాన్ని ఏ మోతాదులో ఇస్తే ప్రయోగ జంతువులలో సగం మరణిస్తాయో ఆ మోతాదును ఎల్‌డి-50 అంటారు. దీనిని కిలో శరీర బరువుకు మిల్లీగ్రాములలో తెలుపుతారు. అంకె ఎంత చిన్నదైతే విషతీవ్రత అంత ఎక్కువ. ఈ భావనను బ్రిటిష్ శాస్త్రవేత్త జె.డబ్ల్యు. ట్రెవాన్ 1927లో ప్రతిపాదించారు. డిజిటాలిస్, ఇన్సులిన్ వంటి ఔషధాల శక్తి ఒక్కో తయారీలో ఒక్కో విధంగా ఉండేది. ఆ తేడాను కొలిచి ప్రమాణీకరించడమే ఆయన ఉద్దేశం. కాలక్రమంలో ఈ కొలమానం సకల రసాయనాలకూ విస్తరించింది.

మన దేశంలో 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాల ప్రకారం, నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఎల్‌డి-50 విలువ 1 నుంచి 50 వరకు ఉన్న మందులకు ఎరుపు, 51 నుంచి 500 వరకు ఉన్నవాటికి పసుపు, 501 నుంచి 5000 వరకు ఉన్నవాటికి నీలం, 5000 దాటినవాటికి ఆకుపచ్చ రంగు కేటాయించారు. చర్మం ద్వారా కలిగే విషప్రభావానికి వేరుగా పరిమితులు ఉన్నాయి.

ప్రయోగం చేయకపోవడం వల్ల కలిగే నష్టం

జంతు ప్రయోగాలను విమర్శించే ముందు అవి ఎందుకు తప్పనిసరి అయ్యాయో గుర్తించాలి. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ అనే ఔషధాన్ని డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి, విషపరీక్ష ఏదీ చేయకుండానే విక్రయించారు. నూరు మందికి పైగా మరణించారు. వారిలో చాలామంది పిల్లలు. మరుసటి సంవత్సరమే, విక్రయానికి ముందు భద్రతను నిరూపించాలన్న చట్టం అక్కడ వచ్చింది.

పశువైద్యానికి సంబంధించిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. పశువులకు నొప్పి నివారిణిగా వాడిన డైక్లోఫెనాక్ ఆ పశువులకు హాని చేయలేదు. కానీ దాని అవశేషాలున్న కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి మరణించాయి. 1990 దశకం నుంచి తెల్లవీపు రాబందుల సంఖ్య 95 శాతానికి పైగా పడిపోయింది. 2004లో కారణం వెల్లడైంది. 2006లో పశువైద్యంలో ఈ మందు వాడకాన్ని మన దేశం నిషేధించింది. ప్రత్యామ్నాయంగా మెలాక్సికామ్ సురక్షితమని తేల్చడానికి మళ్లీ రాబందుల మీదే ప్రయోగాలు చేయవలసి వచ్చింది. అయితే అంతరించే దశకు చేరిన ఆసియా జాతులకు ముప్పు కలగకుండా ముందుగా ఆఫ్రికా జాతి రాబందులపై పరీక్షించి, ఆ తరువాతే ఇక్కడి జాతులలో కొద్ది పక్షులతో సరిచూశారు. ప్రయోగం అవసరమైన చోట కూడా దానిని ఎంత జాగ్రత్తగా రూపొందించవచ్చో ఈ ఉదంతం తెలుపుతుంది.

నైతిక ప్రశ్న

జంతువులు మాట్లాడగలవా, తర్కించగలవా అన్నదాని కంటే అవి బాధను అనుభవించగలవా అన్నదే అసలు ప్రశ్న అని 18వ శతాబ్దం చివర జెరెమీ బెంథామ్ వాదించారు. 1975లో పీటర్ సింగర్ ఈ వాదాన్ని విస్తరించారు. ఆయన దృష్టిలో ఒక ప్రయోగం వల్ల కలిగే ప్రయోజనాన్ని, జంతువు అనుభవించే బాధను ఒకే తక్కెడలో తూచాలి. 1983లో టామ్ రీగన్ మరింత ముందుకు వెళ్లి, జంతువులకు స్వతహాగా హక్కులున్నాయని, ఎంత ప్రయోజనమున్నా వాటిని సాధనాలుగా వాడరాదని వాదించారు. రెండవ వాదాన్ని పూర్తిగా అంగీకరిస్తే రైతును విషం నుంచి కాపాడే సమాచారంలో కొంత భాగం నేటికీ లభించదు. మొదటి వాదాన్ని అంగీకరించినా, ప్రయోజనం లేని ప్రయోగానికి సమర్థన దొరకదు.

భారతీయ చట్టం ఈ రెండింటి మధ్య మార్గాన్ని అనుసరించింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం మనుషుల, జంతువుల వ్యాధులతో పాటు మొక్కల వ్యాధులను ఎదుర్కొనేందుకు ఉపకరించే జ్ఞానం కోసం చేసే ప్రయోగాలు కూడా చట్టవిరుద్ధం కావు. అంటే వ్యవసాయ పరిశోధనకు చట్టం నేరుగా చోటిచ్చింది. అదే చట్టంలోని 17వ సెక్షన్, వీలున్నంతవరకు జంతు ప్రయోగాలను నివారించాలనీ, కేవలం చేతి నైపుణ్యం సంపాదించడానికి వాటిని చేయరాదనీ నిర్దేశిస్తుంది. 1998 నియమాల ప్రకారం ప్రయోగాలు చేసే సంస్థలు నమోదు పొందాలి. ప్రతి ప్రతిపాదన సంస్థాగత జంతు నైతిక సంఘం పరిశీలనకు వెళ్లాలి.

ఈ చర్చ మొత్తాన్ని వ్యవసాయ రంగానికి అన్వయిస్తే రెండు షరతులు తేలుతాయి. జంతువు ప్రాణాన్ని వెచ్చించి సేకరించే సమాచారం మరో మార్గంలో లభించనిదై ఉండాలి. లభించిన తరువాత అది నిజంగా ఎవరినైనా కాపాడాలి.

మూడు సూత్రాలు

మొదటి షరతును ఆచరణలో పెట్టే మార్గాన్ని డబ్ల్యు.ఎం.ఎస్. రస్సెల్, ఆర్.ఎల్. బర్చ్ 1959లో చూపారు. వారు ప్రతిపాదించిన సూత్రాలు మూడు. జంతువుకు బదులు మరో పద్ధతిని వాడటం భర్తీ. తక్కువ జంతువులతో అంతే సమాచారం రాబట్టడం తగ్గింపు. బాధను కనిష్ఠ స్థాయికి తేవడం మెరుగుదల.

ఎల్‌డి-50 పరీక్ష చరిత్రలోనే వీటి ప్రభావం కనిపిస్తుంది. పూర్వం ఒక్క పదార్థాన్ని పరీక్షించడానికి పదుల సంఖ్యలో జంతువులను వాడేవారు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 401వ సంఖ్య గల ఆ పాత మార్గదర్శకాన్ని 2002లో రద్దు చేసింది. దాని స్థానంలో 420, 423, 425 మార్గదర్శకాలు వచ్చాయి. ఉదాహరణకు 423వ పద్ధతిలో ఒక్కో దశలో మూడు ఎలుకలకు, సాధారణంగా ఆడ ఎలుకలకు, మందు ఇస్తారు. ఆ ఫలితాన్ని బట్టే తరువాతి మోతాదు నిర్ణయమవుతుంది. 420వ పద్ధతి మరణానికి బదులు స్పష్టమైన విషలక్షణాలనే కొలమానంగా తీసుకుంటుంది. కచ్చితమైన అంకె కంటే ఏ వర్గానికి చెందిన మందో తెలిస్తే చాలన్న గుర్తింపు ఈ మార్పుకు మూలం. లేబుల్‌కు కావలసింది కూడా అంతే.

ఎలుక చెప్పలేని విషయాలు

జంతు పరీక్షల శాస్త్రీయ పరిమితులు కూడా నైతిక చర్చలో భాగమే. 2,4,5-టి అనే కలుపుమందులో మలినంగా ఉండిన టీసీడీడీ అనే డయాక్సిన్ విషయంలో గినీ పందికి, హ్యామ్‌స్టర్‌కు మధ్య ఎల్‌డి-50 తేడా వెయ్యి రెట్ల వరకు, అంతకు మించి కూడా నమోదైంది. ఈ రెండూ ఎలుకల వర్గానికే చెందిన చిన్న జంతువులు. వాటిలో ఏది మనిషికి ప్రతినిధి అన్న ప్రశ్నకు ఆ అంకెలు సమాధానం ఇవ్వలేవు.

పారాక్వాట్ మరింత పరిచితమైన ఉదాహరణ. ఎలుకలలో దీని ఎల్‌డి-50 సుమారు 150. అందువల్ల ఇది ఎరుపు వర్గంలోకి రాదు. కానీ మనిషి శరీరంలోకి 20 శాతం ద్రావణం 10 నుంచి 20 మిల్లీలీటర్లు చేరినా ప్రాణాంతకం కాగలదు. ఊపిరితిత్తుల కణాలు ఈ మందును చురుకుగా గ్రహించి నిల్వ చేసుకుంటాయి. దీనికి విరుగుడు లేదు. మరణం కొన్ని సందర్భాలలో రోజులు, వారాల తరువాత సంభవిస్తుంది. రంగు మాత్రమే చూసి ఎరుపు కాదు గనుక ప్రమాదం తక్కువని భావించే రైతుకు ఆ లేబుల్ తప్పుడు భరోసా ఇస్తుంది.

మందుల మిశ్రమాలు మూడవ పరిమితి. రైతులు రెండు మూడు మందులను ఒకే ట్యాంకులో కలిపి పిచికారీ చేయడం సర్వసాధారణం. లేబుల్‌పై ఉన్న రంగు మాత్రం ఒక్క మందుకే వర్తిస్తుంది. మలాథియాన్‌ను ఈపీఎన్ అనే మరో మందుతో కలిపి ఇచ్చినప్పుడు విషప్రభావం అంచనాకు మించి పెరుగుతుందని 1957లోనే నిరూపితమైంది. మలాథియాన్‌ను శరీరంలో విచ్ఛిన్నం చేసే ఎంజైమును ఈపీఎన్ అడ్డుకోవడం ఇందుకు కారణం. సాధ్యమైన ప్రతి మిశ్రమాన్నీ జంతువులపై పరీక్షించడం ఆచరణ సాధ్యం కాదు, నైతికంగా సమర్థనీయమూ కాదు. ఇక్కడ ప్రత్యామ్నాయ పద్ధతులు కేవలం దయతో కోరుకునేవి కావు, శాస్త్రానికే అవసరమైనవి.

అందుబాటులో ఉన్న ప్రత్యామ్నాయాలు

చర్మం, కన్ను: 1944లో ప్రవేశపెట్టిన డ్రేజ్ పరీక్షలో కుందేలు కంటిలో, చర్మంపై రసాయనాన్ని ఉంచి మంట, గాయం గమనించేవారు. నేడు ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మపు పొరలపై చేసే పరీక్షకు (ఓఈసీడీ 439), కబేళాలో లభించే పశువుల కంటి పొరపై చేసే పరీక్షకు (437) అంతర్జాతీయ గుర్తింపు ఉంది. చర్మపు అలర్జీని రసాయన, కణ పరీక్షల ఫలితాలను సమన్వయించి నిర్ణయించే విధానానికి 2021లో 497వ మార్గదర్శకం వచ్చింది.

జన్యు మార్పులు: 1970 దశకంలో బ్రూస్ ఏమ్స్ రూపొందించిన పరీక్షలో సాల్మొనెల్లా బాక్టీరియాను ఉపయోగించి రసాయనం ఉత్పరివర్తనాలు కలిగిస్తుందో లేదో కనుగొంటారు. ప్రతి పురుగుమందు పరిశీలనలో ఇది తొలి మెట్లలో ఒకటి.

చేపలు: వరి పొలాల నుంచి చెరువుల్లోకి చేరే మందుల విషయంలో ఇది ముఖ్యం. పెద్ద చేపలకు బదులు జీబ్రా చేప పిండాలతో చేసే పరీక్ష (236) 2013లోను, ట్రౌట్ చేప మొప్పల కణాలతో చేసే పరీక్ష (249) 2021లోను ఆమోదం పొందాయి.

ఉన్న సమాచార విశ్లేషణ: అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ దాదాపు 600 పురుగుమందు ఉత్పత్తుల పాత ఫలితాలను పోల్చి చూసింది. నోటి ద్వారా చేసే పరీక్ష ఉన్నప్పుడు చర్మం ద్వారా చేసే మరణ పరీక్ష లేబుల్ నిర్ణయానికి అదనంగా తోడ్పడటం చాలా అరుదని తేలింది. ఆ ఆధారంతో 2016లో ఆ పరీక్ష నుంచి మినహాయింపునకు మార్గం ఏర్పరచింది. కొత్త పరికరమేదీ లేకుండా, పాత లెక్కలను తిరిగి చదవడం వల్లనే ఇది సాధ్యమైంది.

పశుగ్రాసం: వ్యవసాయ శాస్త్రంలో ప్రత్యామ్నాయాలు కొత్తవి కావు. పశుగ్రాస రకాల జీర్ణశీలతను తెలుసుకోవడానికి టిల్లీ, టెర్రీ 1963లో రూపొందించిన రెండు దశల గాజునాళిక పద్ధతి, 1970 దశకం చివర జర్మనీలోని హోహెన్‌హైమ్‌లో వచ్చిన వాయు ఉత్పత్తి పద్ధతి పశువులపై నేరుగా చేసే ప్రయోగాలను ఎంతో తగ్గించాయి. వీటికి అవసరమైన రూమెన్ ద్రవాన్ని కబేళాల నుంచి సేకరించే వీలు కూడా ఉంది.

ప్రత్యామ్నాయాల పరిమితులు

కణ పరీక్ష ఒక అవయవపు ప్రతిస్పందనను చూపుతుంది. మందు పేగులలో శోషణ చెంది, కాలేయంలో మార్పు చెంది, గర్భస్థ శిశువును చేరే క్రమాన్ని పూర్తిగా చూపలేదు. దీర్ఘకాలిక విషప్రభావం, సంతానోత్పత్తి, నాడీ వ్యవస్థ ఎదుగుదల వంటి అంశాలలో జంతు ప్రయోగాలు నేటికీ కొనసాగుతున్నాయి. అనేక కణ వర్ధనాలలో వాడే సీరం దూడ పిండాల రక్తం నుంచి వస్తుందన్న విషయాన్ని కూడా విస్మరించరాదు. కాబట్టి అన్నీ నేడే మారిపోవాలన్న వాదన, ఏదీ మార్చలేమన్న వాదన రెండూ వాస్తవానికి దూరమైనవే.

మన దేశంలో మార్పు మొదలైంది. సౌందర్య సాధనాలకు జంతు పరీక్షలను 2014లో నిషేధించారు. 2023 మార్చిలో కొత్త ఔషధాల నియమాలను సవరించి కణ ఆధారిత, కంప్యూటర్ ఆధారిత పద్ధతులకు చోటు కల్పించారు. హైదరాబాద్‌లోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్-సీసీఎంబీలో మానవ కణ నమూనాల అభివృద్ధిపై కృషి జరుగుతోంది. 2011 నుంచి భారతదేశం ఓఈసీడీ పరస్పర సమాచార అంగీకార వ్యవస్థలో పూర్తి భాగస్వామి. అందువల్ల గుర్తింపు పొందిన ఒక ప్రయోగశాలలో నిబంధనల ప్రకారం చేసిన పరీక్షను ఇతర సభ్య దేశాలలో తిరిగి చేయనవసరం లేదు. జంతువుల సంఖ్యను తగ్గించడంలో ఇది చిన్న విషయం కాదు.

వ్యవసాయ శాస్త్రవేత్తల బాధ్యత

పరిశోధక విద్యార్థి ప్రయోగాన్ని రూపొందించే దశలోనే సంఖ్యాశాస్త్ర నిపుణుని సంప్రదించి జంతువుల సంఖ్యను నిర్ణయించుకోవాలి. అవసరానికి మించిన సంఖ్య ఎంత తప్పో, ఏ నిర్ధారణకూ రాలేనంత తక్కువ సంఖ్య కూడా అంతే తప్పు. రెండవ సందర్భంలో వాడిన జంతువులన్నీ వృథా అవుతాయి. ప్రభావం కనిపించని ఫలితాలను కూడా ప్రచురిస్తే మరొకరు అదే ప్రయోగాన్ని పునరావృతం చేసే అవసరం ఉండదు. నైతిక సంఘం అనుమతిని కాగితపు లాంఛనంగా గాక, ప్రత్యామ్నాయం ఉందా అన్న ప్రశ్నకు సమాధానం వెతికే అవకాశంగా చూడాలి.

రెండవ షరతు నెరవేరే చోటు గ్రామం. జంతు ప్రయోగం ద్వారా లభించిన సమాచారం చివరికి లేబుల్ మీద ఒక రంగుగా, కరపత్రంలో కొన్ని వాక్యాలుగా రైతును చేరుతుంది. ఆ అక్షరాలు చదవలేనంత చిన్నవైతే, చేతి తొడుగులు, ముఖ కవచం గురించి చెప్పేవారు లేకపోతే, మందులను ఇష్టానుసారం కలపడాన్ని ఎవరూ వారించకపోతే ఆ సమాచారం ఎవరినీ కాపాడదు. రంగుతో పాటు మందు పేరు, విరుగుడు ఉందో లేదో, సిఫారసు చేయని మిశ్రమాల ప్రమాదం కూడా ప్రతి శిక్షణలో వివరించాలి. పారాక్వాట్ వంటి మందుల విషయంలో రంగు చెప్పేదాని కంటే ముప్పు ఎక్కువని ప్రత్యేకంగా హెచ్చరించాలి.

ప్రయోగశాలలో జంతువుల సంఖ్యను తగ్గించడం విషశాస్త్ర నిపుణుల పని. ఇప్పటికే వాటి ప్రాణాల మీద సంపాదించిన జ్ఞానాన్ని పొలం గట్టు వరకు చేర్చడం విస్తరణ శాస్త్రవేత్తల పని. ఈ రెండింటిలో ఏది లోపించినా ఆ ప్రయోగానికి నైతిక సమర్థన మిగలదు.