ఏడు కిలోల లెక్క: కౌంటర్ దగ్గర కాదు, ఇంట్లోనే తేల్చుకుందాం



సెలవులు వస్తే మన ముదినేపల్లి, గుడివాడ, బందరు వైపు నుంచి బెంగళూరులోని అన్నయ్య ఇంటికో, ఢిల్లీలోని పిన్ని ఇంటికో గన్నవరం మీదుగా వెళ్లే కుటుంబాలు చాలా ఉంటాయి. టికెట్ చవకగా దొరికిందన్న సంతోషం కౌంటర్ దాకానే. అక్కడ చేతి బ్యాగు కాటా మీద తొమ్మిది కిలోలు తూగుతుంది. వెనక లైను, పక్కన పిల్లలు. అదనపు రుసుము కట్టాలా, అమ్మమ్మ పెట్టిన ఆవకాయ సీసా వదిలేయాలా?

ఆర్టీసీ బస్సులో సీటు కింద సంచి తోసేస్తే ఎవరూ అడగరు. చవక విమానాల లెక్క వేరు. అవి సీటుకు ఒక ధర, లగేజీకి ఒక ధర, భోజనానికి ఒక ధర పెడతాయి. పైన అరల్లో చోటు కూడా తక్కువే. చిన్న ఏటీఆర్ విమానాల్లో ఆ అరలు ఇంకా చిన్నవి.

ఎంత తీసుకెళ్లవచ్చు?

ఇండిగోలో చేతి బ్యాగుకు పరిమితి 7 కిలోలు. పొడవు 55, వెడల్పు 35, మందం 25 సెంటీమీటర్లు దాటకూడదు. మూడూ కూడితే 115. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో 'ఎక్స్‌ప్రెస్ లైట్' టికెట్ కొంటే చెక్-ఇన్ లగేజీ అసలు ఉండదు. అందుకే టికెట్ కొనేటప్పుడు ధరతో పాటు లగేజీ వరుస కూడా చదవండి. పెద్ద లగేజీ తప్పదనుకుంటే ముందే ఆన్‌లైన్‌లో కొనండి. కౌంటర్ దగ్గర ఎక్కువ పడుతుంది.

రెండేళ్లు దాటిన పిల్లలకు సొంత సీటు ఉంటుంది కాబట్టి వారికీ చేతి బ్యాగు ఉంటుంది. బరువంతా నాన్న బ్యాగులోనే కుక్కకుండా నలుగురికీ పంచండి. చక్రాల పెట్టె ఖాళీగానే రెండు మూడు కిలోలు తూగుతుంది. బట్టలకు తేలికైన భుజం సంచి మేలు.

మన సామాను సంగతి

ఆవకాయ, నెయ్యి: చేతి బ్యాగులో ఉంటే తనిఖీలో ఆపేస్తారు. గట్టిగా మూత బిగించి, కవర్లు చుట్టి చెక్-ఇన్‌లో వేయండి.

బందరు లడ్డూ: చేతి బ్యాగులో ఇబ్బంది ఉండదు. నెయ్యి తేలే బందరు హల్వాను మాత్రం చెక్-ఇన్‌లో పెట్టడమే నయం.

కొబ్బరి: కొబ్బరికాయను మామూలుగా చేతి బ్యాగులో అనుమతించరు. శబరిమల ఇరుముడిలోని కాయకు 2024లో ప్రత్యేకంగా మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. ఎండు కొబ్బరి చెక్-ఇన్‌లోనూ కుదరదు. అందులో నూనె ఎక్కువ, నిప్పు అంటుకునే గుణం ఉంది.

పవర్ బ్యాంకు: ఇది చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేయకూడదు. 100 వాట్ అవర్ల వరకు సమస్య లేదు.

జామెట్రీ బాక్సు: వృత్తలేఖిని, కత్తెర వంటి మొనదేలినవి చెక్-ఇన్‌లోకి మార్చండి.

మందులు: ఇన్‌హేలర్, ఇన్సులిన్, రోజువారీ మాత్రలు ఎప్పుడూ చేతి బ్యాగులోనే, డాక్టర్ చీటీతో సహా. పెద్ద పెట్టె ఆలస్యమైనా మందు ఆగకూడదు.

పిల్లలకు అప్పగించండి

ప్రయాణానికి రెండు రోజుల ముందు ఈ పని పిల్లలకే ఇవ్వండి. బ్యాగు ఎత్తుకుని బరువు చూసే మిషను ఎక్కాలి, తర్వాత బ్యాగు లేకుండా ఎక్కాలి. తేడాయే బ్యాగు బరువు. మిషను లేకపోతే వీధి చివర కిరాణా కొట్టు కాటా ఉంది. టేపుతో మూడు కొలతలు తీసి కూడమనండి. పెద్ద తరగతి పిల్లలైతే పవర్ బ్యాంకు లెక్క కూడా కట్టగలరు: 20,000 ఎంఏహెచ్ అంటే 20 ఆంపియర్ అవర్లు, దాన్ని 3.7 వోల్టులతో గుణిస్తే 74 వాట్ అవర్లు. వందలోపే ఉంది!

ఆరున్నర కిలోల దగ్గర ఆపేయండి. నిబంధనలు మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు టికెట్ మీద ఉన్న పరిమితిని మరోసారి చూసుకోండి. చివరి నిమిషంలో అమ్మమ్మ చేతిలో పెట్టే జంతికల పొట్లానికి ఆ అరకిలో చోటు ఉండాలి కదా!