ఒక చిత్రం - మూడు భాషలు

మూకీ చిత్రానికి భాషాభేదం లేదు. తెరపై కనిపించే అక్షర ఫలకాలను మార్చినంతనే బెర్లిన్‌లో నిర్మించిన చిత్రం పారిస్‌లోనూ, లండన్‌లోనూ ప్రదర్శనయోగ్యమయ్యేది. 1920ల చివర బొమ్మకు మాట రావడంతో ఆ సౌలభ్యం అంతరించింది. ఒకరి పెదవుల కదలికకు మరొకరి పలుకును జతపరిచే విద్య అప్పటికి పరిణతి చెందలేదు. అందువల్ల నిర్మాతలు ప్రయాసతో కూడిన మార్గాన్నే ఆశ్రయించారు. ఒకే కథను అవే సెట్టింగులలో భాషకొకసారి చిత్రీకరించసాగారు.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ జర్మనీలోని ఊఫా సంస్థ 1931లో నిర్మించిన ‘డెర్ కాంగ్రెస్ టాంట్స్’. ‘మహాసభ నర్తిస్తున్నది’ అని దీని అర్థం. ఇది ఆపరెట్టా. అనగా సంభాషణల నడుమ గీతాలు, నృత్యాలు అల్లుకొన్న లలిత సంగీత రూపకం. నెపోలియన్ పరాజయానంతరం ఐరోపా రాజులు 1814-15లలో వియన్నాలో జరిపిన సమావేశం దీనికి నేపథ్యం. రష్యా చక్రవర్తి అలెగ్జాండర్‌కు, చేతి తొడుగులమ్మే క్రిస్టెల్ అనే యువతికి మధ్య అంకురించిన ప్రణయమే ఇతివృత్తం. చరిత్ర ఇందులో నెపమాత్రమే.

దర్శకుడు ఎరిక్ షారెల్, నిర్మాత ఎరిక్ పొమ్మర్, సంగీతకర్త వెర్నర్ రిచర్డ్ హైమన్. జర్మన్ చిత్రంలో విల్లీ ఫ్రిట్ష్, ఫ్రెంచి, ఇంగ్లీషు చిత్రాలలో ఆన్రీ గరా చక్రవర్తి పాత్ర ధరించారు. నాయిక లిలియన్ హార్వే మాత్రం మూడింటిలోనూ తానే నటించింది. లండన్‌లో ఆంగ్ల మాతకు, జర్మన్ తండ్రికి జన్మించిన ఆమెకు ఆ భాషలు స్వాధీనమై ఉండేవి.

చక్రవర్తి పంపిన బగ్గీలో క్రిస్టెల్ పాడుకొంటూ సాగిపోయే ఘట్టం ఈ చిత్రానికి ప్రాణం. బండి నగరవీథులు దాటి పల్లెపట్టులకు చేరుతుంటే దారిలోని జనమంతా ఆ పాటను అందుకొంటారు. ఈ ఆనందం మరల రాదేమోనన్న శంక ఆ ఉల్లాసంలోనే తొంగిచూస్తుంది. స్వరం మూడు భాషలకూ ఒక్కటే. భావాన్ని అనువదించడం కష్టం కాదు. బాణీకి ఒదిగేటట్లు పదాలను పొదగడం కష్టం. గురులఘువులతో కుస్తీపట్టిన మన పద్యకవులకు ఈ బాధ తెలియనిది కాదు.

ఈ చిత్రం బెర్లిన్‌లో 1931 అక్టోబరు 23న విడుదలైంది. అదే నెల 31న మద్రాసులో విడుదలైన ‘కాళిదాస్’లో నాయిక తమిళంలో మాట్లాడితే నాయకుడు తెలుగులో బదులు చెప్పాడు. అక్కడ భాషకొక చిత్రమైతే, ఇక్కడ ఒకే చిత్రంలో పలు భాషలు!

డబ్బింగు మెరుగుపడిన కొద్దీ ఈ బహుభాషా పద్ధతి సన్నగిల్లింది. 1933లో నాజీలు అధికారంలోకి వచ్చారు. యూదులైన పొమ్మర్, షారెల్, హైమన్ జర్మనీకి దూరమయ్యారు. మెటర్నిక్ పాత్రధారి కాన్రాడ్ వైట్ ఆ ఏడే ఇంగ్లండుకు తరలిపోయాడు. 1937లో చిత్రాన్నే నిషేధించారు. ఇందులో హాస్యం పండించిన ఒట్టో వాల్‌బర్గ్ నెదర్లాండ్స్‌లో తలదాచుకొన్నా నాజీలకు చిక్కాడు. 1944లో ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో అతనిని చంపివేశారు.