అమ్మ నడవడానికి ఆరడుగులు

మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మని రోజూ అరగంట నడవమన్నారు డాక్టర్. ఎక్కడ నడవాలో మాత్రం చెప్పలేదు.

హైదరాబాద్‌లో మా కాలనీకి ఫుట్‌పాత్ ఉంది. ఉందంటే ఉంది, అంతే! పది అడుగులేస్తే ట్రాన్స్‌ఫార్మర్, అది దాటితే బైకులు, ఆ తర్వాత మిర్చిబజ్జీల బండి. ప్రతి గేటు ముందూ కారు ఎక్కించడానికి కట్టుకున్న ర్యాంపు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. మూడో రోజుకే అమ్మ మానేసింది. ‘డాబా మీద తిరుగుతాలేరా’ అంది.

ఆ మధ్య పిన్ని కూతురి పెళ్లి బట్టల కోసం చెన్నై వెళ్లాం. చీరలంటే మనవాళ్లకి టీ నగరే కదా! పానగల్ పార్కు దగ్గర ఆటో దిగి పాండీ బజార్‌లో నడక మొదలుపెట్టాం. అరగంట దాటినా అమ్మ ‘ఇక చాలు’ అనలేదు. మధ్యలో ఓసారి బెంచీ మీద కూర్చుని, ‘ఒరేయ్, ఇందాకటి నుంచి కింద చూసుకోకుండానే నడుస్తున్నా’ అంది. ఆ మాట నాకు అలా గుర్తుండిపోయింది.

చెన్నై ఏం చేసింది?

తిరిగొచ్చాక కాస్త వెతికి చదివాను. చెన్నై కార్పొరేషన్ 2014లోనే నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్ల కోసం ఒక పాలసీ తెచ్చింది. పాండీ బజార్‌లో ముందు కొన్ని రోజులు వాహనాలు ఆపి ట్రయల్ చేశారు. తర్వాత స్మార్ట్ సిటీ పథకం కింద ఫుట్‌పాత్‌లు బాగా వెడల్పు చేసి, 2019 నవంబర్‌లో ప్రారంభించారు.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే లెక్క చెప్పింది. అడ్డు లేకుండా నడిచే చోటు కనీసం 1.8 మీటర్లు, అంటే సుమారు ఆరడుగులు. రెండు వీల్‌చైర్లు ఎదురెదురుగా వచ్చినా దాటిపోవచ్చు. ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు, అంటే జానెడు కూడా కాదు. షాపు గోడ పక్కన ఆగి చూసేవాళ్లకి కొంత చోటు, రోడ్డు అంచున చెట్లకీ స్తంభాలకీ బెంచీలకీ కొంత. మధ్యలో ఆరడుగులు మాత్రం నడిచేవాళ్లవే.

అలాగని బజ్జీల బండి ఆయన మీద విసుక్కోవడం న్యాయం కాదు. వీధి వ్యాపారులకి చోటు కేటాయించాలని 2014 చట్టమే చెబుతోంది. ఆయనకీ డిజైన్‌లో చోటుంటే అమ్మ దారికి అడ్డెందుకొస్తాడు?

టేపు పట్టుకుంటే తెలిసింది

ఓ ఆదివారం టేపు పట్టుకుని మా వీధి కొలిచాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మిగిలింది రెండడుగులే. ఫొటోలు తీసి మున్సిపల్ యాప్‌లో పెడదామని ఒక్కో గేటూ చూసుకుంటూ వచ్చా. అన్నిటికన్నా ఎత్తైన ర్యాంపు ఎవరిదో తెలుసా? మాదే! కారు కొన్నప్పుడు నేనే దగ్గరుండి కట్టించా. ఫుట్‌పాత్ మొత్తాన్నీ మింగేసి కూర్చుంది.

ముందు దాన్ని పగలగొట్టించి, వాలు గేటు లోపలికి మార్పించా. కారు కాస్త కష్టంగా ఎక్కుతోంది. ఎక్కనీ! పక్కింటి అంకుల్ రెండ్రోజులు చూసి, ‘మేస్త్రీ నంబర్ ఇవ్వు బాబూ’ అన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ ఫిర్యాదు మాత్రం ఇంకా పెండింగ్‌లోనే ఉంది.

ఫుట్‌పాత్ మీద నడవడం కూడా జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కొన్ని ఫోన్లలో కొలిచే యాప్ ఉంటుంది. ఒక్కసారి మీ వీధి కొలిచి చూడండి. మొదలు మాత్రం మీ గేటు దగ్గరే పెట్టండి.

ఇప్పుడు అమ్మ రెండిళ్ల మేర కింద చూసుకోకుండా నడుస్తోంది. అరగంట కావాలంటే వీధంతా కావాలి మరి!