ఫోన్ గట్టిగానే ఉన్నా నోకియా ఎందుకు మునిగింది? ఆపరేటింగ్ సిస్టమ్ మార్పు వెనుక లెక్కలు

ఫోన్ కొనడానికి దుకాణానికి వెళ్తే అందరూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, రేటు ఎంత తగ్గిస్తారు. లోపల నడిచే సాఫ్ట్‌వేర్ ఎవరిది, అది ఇంకా ఎన్నేళ్లు నడుస్తుంది అని అడిగేవాళ్లు తక్కువ. కానీ ఒకప్పుడు ప్రపంచంలోనే అతిపెద్ద ఫోన్ కంపెనీ సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే కూలబడింది. అదే నోకియా.

నోకియా అంటే ఏమిటో మన ఇళ్లలో పెద్దగా చెప్పక్కర్లేదు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే భాయ్‌లు, చిచ్చాల సూట్‌కేసుల్లో చాలా కాలం కనిపించిన పేరు అది. 2003లో వచ్చిన నోకియా 1100, టార్చ్ లైటుతో, దుమ్ము పట్టని కీప్యాడ్‌తో ప్రపంచవ్యాప్తంగా 25 కోట్ల దాకా అమ్ముడైంది. కిందపడితే పగలదు, రెండు రోజులైనా చార్జింగ్ దిగదు అని పేరు. అలాంటి ఫోన్లు చేయగలిగిన కంపెనీ, ఫోన్ చేయడం చేతకాక పడిపోలేదు. వ్యవహారం తేడా కొట్టింది సాఫ్ట్‌వేర్ దగ్గర.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఫోన్‌లోని స్క్రీన్, కెమెరా, సిమ్, మెమరీ అన్నిటితో పని చేయించే మూల సాఫ్ట్‌వేర్. యాప్‌లన్నీ దాని మీదే నడుస్తాయి. ఒక సిస్టమ్ కోసం రాసిన యాప్ ఇంకో సిస్టమ్‌లో అలాగే నడవదు, మళ్లీ రాయాలి, మళ్లీ ఖర్చు పెట్టాలి. దీన్ని బజారుతో పోల్చుకుంటే తేలికగా అర్థమవుతుంది. జనం ఎక్కువ తిరిగే బజారులోనే వ్యాపారి కొట్టు పెడతాడు. కొట్లు ఎక్కువున్న బజారుకే జనం వెళ్తారు. ఒకసారి బజారు పలచబడటం మొదలైతే రెండు వైపులా కలిసి ఖాళీ అవుతుంది.

నోకియా బజారు పేరు సింబియన్. కీప్యాడ్ ఫోన్ల కాలంలో తయారైన సిస్టమ్ ఇది, ఆ కాలానికి చాలా మంచిదే. 2007లో యాపిల్ ఐఫోన్, 2008లో గూగుల్ ఆండ్రాయిడ్‌తో మొదటి ఫోన్ వచ్చాక టచ్ స్క్రీన్ రోజులు మొదలయ్యాయి. సింబియన్‌ని టచ్‌కి అతికించే ప్రయత్నాలు జరిగాయి గానీ అతుకు కనిపిస్తూనే ఉండేది. గార్ట్‌నర్ సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచ స్మార్ట్‌ఫోన్ అమ్మకాల్లో సింబియన్ వాటా 2009లో దాదాపు 47 శాతం. 2010లో అది 37.6 శాతానికి దిగింది. అదే ఏడాదిలో ఆండ్రాయిడ్ 4 శాతం నుంచి దాదాపు 23 శాతానికి ఎగిరింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 2010లో నోకియా నష్టాల్లో లేదు. గ్రూపు మొత్తం మీద ఆ ఏడాది నిర్వహణ లాభం సుమారు 200 కోట్ల యూరోలు. ఆ ఏడాది చివరి మూడు నెలల్లోనే 2 కోట్ల 83 లక్షల స్మార్ట్‌ఫోన్లు అమ్మింది. జబ్బు ఉంది, కానీ రోగి ఇంకా నడుస్తున్నాడు, సంపాదిస్తున్నాడు. కాబట్టి మార్చాలా వద్దా అన్నది కాదు అసలు ప్రశ్న. మార్చే తీరుతెన్నులేమిటి అన్నదే.

2010 సెప్టెంబర్‌లో స్టీఫెన్ ఎలోప్ నోకియా సీఈఓ అయ్యారు. ఫిన్లాండ్‌వాసి కాని మొదటి సీఈఓ, అంతకుముందు మైక్రోసాఫ్ట్‌లో పెద్ద హోదాలో పనిచేసిన వ్యక్తి. 2011 ఫిబ్రవరిలో ఆయన ఉద్యోగులకు రాసిన లేఖ బయటికి పొక్కింది. సముద్రంలో మంటలంటుకున్న చమురు వేదిక మీద నిలబడ్డ మనిషితో ఆయన నోకియాను పోల్చారు. అక్కడే ఉంటే కాలిపోతాడు, దూకితే గడ్డకట్టే నీళ్లు. అంటే దూకక తప్పదని భావం. సొంత సరుకు గురించి సొంత సీఈఓ ఇలా రాశాడని ప్రపంచమంతా చదివింది.

ఫిబ్రవరి 11న నిర్ణయం వచ్చింది. ఇక నుంచి నోకియా స్మార్ట్‌ఫోన్లకు మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ సిస్టమ్. సింబియన్‌ను మెల్లగా పక్కన పెడతారు. మీగో అనే ఇంకో సొంత సిస్టమ్ మీద చాలా కాలంగా పని జరుగుతున్నా దాన్నీ పక్కకు నెట్టేశారు. మీగోతో నోకియా ఎన్9 అనే ఫోన్ ఆ ఏడాదే వచ్చింది, చూసినవాళ్లు మెచ్చుకున్నారు, కానీ కొన్ని దేశాల్లోనే అమ్మారు, దాని వెనుక ఇంకోటి రాలేదు.

ఆండ్రాయిడ్ ఎందుకు తీసుకోలేదు? గూగుల్‌తో మాటలు నడిచాయి. అయితే అందరి దగ్గరా అదే ఆండ్రాయిడ్ ఉన్నప్పుడు మన ఫోన్ ప్రత్యేకత ఏమిటి, ధర తగ్గించుకోవడం తప్ప దారి ఉండదు కదా అన్నది ఎలోప్ వాదన. ఆ బజారులో శామ్‌సంగ్ అప్పటికే పెద్ద కొట్టు తెరుస్తోంది. వాదన పూర్తిగా తప్పని కొట్టిపారేయలేం. పైగా మైక్రోసాఫ్ట్ డబ్బు కూడా ఇస్తానంది. ప్రతి మూడు నెలలకు 25 కోట్ల డాలర్లు సహాయ చెల్లింపుగా నోకియాకు వస్తాయి. బదులుగా నోకియా ప్రతి ఫోన్‌కూ సాఫ్ట్‌వేర్ రాయల్టీ కట్టాలి, అందులోనూ కనీసం ఇంత అని హామీ ఉంది. సొంత సిస్టమ్ నడపడానికయ్యే ఇంజినీర్ల ఖర్చు మిగులుతుంది. కాగితం మీద చూస్తే బేరం బాగానే ఉంది.

ప్రకటన వచ్చిన రోజే నోకియా షేరు దాదాపు 14 శాతం పడింది.

కాగితం మీద లేని సంగతి ఒకటుంది, అది సమయం. ప్రకటన ఫిబ్రవరిలో. మొదటి విండోస్ ఫోన్ లూమియా 800 దుకాణాల్లోకి వచ్చింది నవంబర్‌లో. మధ్యలో తొమ్మిది నెలలు. ఈ తొమ్మిది నెలలూ నోకియా ఏం అమ్మాలి? తానే ఆపేస్తానని చెప్పిన సింబియన్ ఫోన్లనే. ఇంకా 15 కోట్ల సింబియన్ ఫోన్లు అమ్ముతామని కంపెనీ అంచనా చెప్పింది. కానీ కొట్టు ముందు ‘త్వరలో మూసివేయబడును’ అని బోర్డు పెట్టుకుని, లోపల పాత సరుకు పూర్తి ధరకు అమ్మాలంటే ఎవరు కొంటారు? డీలర్లు స్టాక్ తీసుకోవడం తగ్గించారు. యాప్ రాసేవాళ్లు సింబియన్ వదిలేశారు. 2011 రెండో త్రైమాసికానికి స్మార్ట్‌ఫోన్ అమ్మకాలు 1 కోటి 67 లక్షలకు పడిపోయి కంపెనీ నష్టంలోకి జారింది. వ్యాపార పాఠాల్లో దీనికి ‘ఆస్‌బోర్న్ ఎఫెక్ట్’ అని పేరే ఉంది. కొత్త మోడల్ గురించి ముందే చెప్పి పాత మోడల్ అమ్మకాలు పోగొట్టుకుని 1983లో దివాలా తీసిన అమెరికా కంప్యూటర్ కంపెనీ పేరు అది.

ఒక్క త్రైమాసికం లెక్క చూస్తే చాలు. 2010 చివరి మూడు నెలల్లో స్మార్ట్‌ఫోన్ల మీద నోకియా ఆదాయం సుమారు 440 కోట్ల యూరోలు. 2011లో అదే మూడు నెలల్లో సుమారు 270 కోట్లు. దాదాపు 170 కోట్ల యూరోల గొయ్యి. మైక్రోసాఫ్ట్ మొదటి సహాయ చెల్లింపు సరిగ్గా ఈ త్రైమాసికంలోనే వచ్చింది, 25 కోట్ల డాలర్లు. డాలర్ యూరో కంటే చిన్నదని కూడా గుర్తుంచుకోవాలి. గొయ్యిలో ఏడో వంతు కూడా నిండలేదు. ఖర్చు తగ్గించుకోవడం లాభం కాదు, ఆదాయం నిలబడితేనే అది లాభం అవుతుంది. బీకాం మొదటి ఏడాది పాఠమే ఇది.

ఇదైనా ఒక్కసారి పొరపాటు అనుకోవచ్చు. 2012 జూన్‌లో మళ్లీ అదే జరిగింది. మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ 8 ప్రకటిస్తూ, ఇప్పటిదాకా కొన్న ఫోన్లకు అది రాదని చెప్పింది. లోపలి పునాదే మారిపోయింది కాబట్టి పాత లూమియాలకు 7.8 అనే చిన్న అప్‌డేట్‌తో సరిపెట్టారు. అమెరికాలో ఏప్రిల్‌లోనే విడుదలైన లూమియా 900 జూన్‌కల్లా పాత ఫోన్ అయింది, జూలైలో ధర సగానికి కోశారు. రెండు నెలల కింద డబ్బు పోసి కొన్నవాడు ఇంకోసారి ఆ కంపెనీ మొహం చూస్తాడా? ఇక్కడ నోకియా చేతిలో ఏమీ లేదు కూడా. సిస్టమ్ తనది కాదు, నిర్ణయం తనది కాదు, దుకాణం ముందు కస్టమర్ తిట్లు మాత్రం తనవి.

2012 ఏప్రిల్‌లో రేటింగ్ సంస్థలు నోకియా అప్పును ‘జంక్’ స్థాయికి దించాయి. జూన్‌లో షేరు రెండు యూరోల కిందికి వెళ్లింది, ప్రకటనకు ముందు అది ఎనిమిది యూరోల దగ్గర ఉండేది. డిసెంబర్‌లో ఎస్పూలోని తన ప్రధాన కార్యాలయ భవనాన్ని 17 కోట్ల యూరోలకు అమ్మి, అందులోనే అద్దెకు ఉండాల్సి వచ్చింది.

ఫోన్లు మాత్రం చెడ్డవి కావు. 2013లో మన దగ్గర 10,499 రూపాయలకు వచ్చిన లూమియా 520 బాగానే అమ్ముడైంది. ఆ ధరలో అంత సాఫీగా నడిచే ఆండ్రాయిడ్ అప్పట్లో దొరకడం కష్టం. అయినా బజారు నిండలేదు. ఇన్‌స్టాగ్రామ్ విండోస్ ఫోన్‌కు వచ్చింది 2013 నవంబర్‌లో, అదీ బీటాగా. గూగుల్ యూట్యూబ్ యాప్ ఇవ్వలేదు. మైక్రోసాఫ్ట్ తానే చేసిన యాప్‌ను అదే ఏడాది గూగుల్ అడ్డుకుంది. పక్కవాడి ఫోన్‌లో ఉన్నది మన ఫోన్‌లో ఎందుకు లేదని పిల్లలు అడిగితే, కెమెరా బాగుంటుంది బేటా అని సమాధానం చెప్పుకునే పరిస్థితి.

మరి ఆండ్రాయిడ్ తీసుకుని ఉంటే బతికేదా? చాలామంది అవుననే అంటారు. ఖాయంగా చెప్పడం కష్టం, ఎందుకంటే ఆ దారిలో వెళ్లినవాళ్ల ఉదాహరణ కూడా ఉంది. కెనడా కంపెనీ బ్లాక్‌బెర్రీ సొంత సిస్టమ్ బీబీ 10 నడవక, 2015 నవంబర్‌లో ‘ప్రివ్’ పేరుతో మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ తెచ్చింది. ఫోన్ల విభాగం లాభం తేవాలి, లేకుంటే మూసేస్తామని సీఈఓ జాన్ చెన్ ముందే చెప్పారు. యాప్‌ల కొరత తీరింది. కానీ అమెరికాలో దాదాపు 700 డాలర్లు, మన దగ్గర 62,990 రూపాయలు ధర. పక్కనే సగం ధరకు అవే యాప్‌లు నడిపే ఫోన్లు. ఏడాది తిరక్కుండానే, 2016 సెప్టెంబర్‌లో, సొంతంగా ఫోన్లు తయారు చేయడం ఆపేస్తున్నామని బ్లాక్‌బెర్రీ ప్రకటించింది. కాకపోతే బ్లాక్‌బెర్రీ వెళ్లింది చేతిలో కస్టమర్లు అయిపోయాక. నోకియాకు 2011లో కోట్లమంది కస్టమర్లు, ఊరూరా డీలర్లు ఉన్నారు. ఆ తేడా చిన్నది కాదు.

2013 సెప్టెంబర్‌లో నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని, పేటెంట్ల లైసెన్సుతో కలిపి, 544 కోట్ల యూరోలకు మైక్రోసాఫ్ట్‌కు అమ్మేసింది. అప్పటి మైక్రోసాఫ్ట్ సీఈఓ స్టీవ్ బామర్ తన ముఖ్య అధికారుల అభిప్రాయం అడిగినప్పుడు కొనొద్దని చెప్పినవాళ్లలో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల ఒకరు. ఆ సంగతి ఆయనే తన పుస్తకంలో రాసుకున్నారు. 2014 ఫిబ్రవరిలో ఆయనే సీఈఓ అయ్యారు, వద్దన్న సరుకు ఏప్రిల్‌లో ఆయన చేతికే వచ్చింది. జూలైలో 18,000 దాకా ఉద్యోగాల కోత ప్రకటించారు, అందులో 12,500 నోకియా నుంచి వచ్చినవే. మరుసటి ఏడాది జూలైలో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసి, ఇంకో 7,800 ఉద్యోగాలు తీసేశారు. చివరికి 2019 డిసెంబర్ 31 తర్వాత విండోస్ ఫోన్లలో వాట్సాప్ కూడా ఆగిపోయింది.

ఈ కథలో మనకు దగ్గరగా తగిలిన దెబ్బ చెన్నై దగ్గర శ్రీపెరంబుదూర్‌లో. 2006 నుంచి అక్కడ నోకియా ఫ్యాక్టరీ నడిచింది. మంచి రోజుల్లో నేరుగా 8,000 మంది పనిచేశారు, చాలామంది పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు. మైక్రోసాఫ్ట్ కొన్నదాంట్లో ఈ ఫ్యాక్టరీ చేరలేదు, కారణం పన్ను కేసు. ఫోన్లలో ఎక్కించే సాఫ్ట్‌వేర్ కోసం ఇక్కడి కంపెనీ ఫిన్లాండ్ మాతృసంస్థకు కట్టిన డబ్బు రాయల్టీ కిందికి వస్తుందని, దాని మీద పన్ను కోత పెట్టలేదని ఆదాయపు పన్ను శాఖ 2013లో 2,080 కోట్ల రూపాయలు అడిగింది. చూడండి, ఇక్కడా సాఫ్ట్‌వేరే. ఆస్తులు జప్తులో ఉండటంతో ఫ్యాక్టరీ చేతులు మారలేదు. మైక్రోసాఫ్ట్ ఆర్డర్లు ఆపేశాక 2014 నవంబర్ 1న గేటు మూతపడింది. అంతకు ముందే వేలమంది స్వచ్ఛంద విరమణ పేరుతో డబ్బు తీసుకుని వెళ్లిపోయారు. సింబియన్, విండోస్ అనే మాటలతో వాళ్లకు సంబంధమే లేదు, వాళ్లు ఎక్కువగా చేసింది మామూలు కీప్యాడ్ ఫోన్లే.

నోకియా ఆర్డర్ల మీద అక్కడే నడిచిన ఫాక్స్‌కాన్ కూడా డిసెంబర్‌లో పని ఆపేసింది. ఎనిమిది నెలల తర్వాత, 2015 ఆగస్టులో, అదే ఫాక్స్‌కాన్ సరిహద్దుకు ఇటువైపు ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. వాటిలో నడిచేది ఆండ్రాయిడ్. నోకియా పేరుతో హెచ్‌ఎండీ అనే కంపెనీ 2017 జూన్‌లో మన మార్కెట్‌కు తెచ్చిన స్మార్ట్‌ఫోన్లలో నడిచిందీ ఆండ్రాయిడే. శ్రీపెరంబుదూర్ పన్ను గొడవ 2018లో నోకియా సుమారు 20 కోట్ల యూరోలు కట్టాక తేలింది. మరుసటి ఏడాది ఆ ఫ్యాక్టరీని సాల్‌కాంప్ కొనుక్కుంది. అది కూడా ఫిన్లాండ్‌లో పుట్టిన కంపెనీయే, ఫోన్ చార్జర్లు తయారు చేస్తుంది.