సాఫ్ట్‌వేర్ ఉద్యోగి – దుకాణముల చట్టము

1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి హైదరాబాదు నగరపు పడమటి అంచున సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించినారు. ఆ రాళ్ళగుట్టల ప్రదేశము నేడు ఎట్లున్నదో శ్రోతలకు నేను వర్ణింపనక్కరలేదు. అయితే, ఆ భవనములో అడుగు పెట్టిన తొలి ఉద్యోగి పని గంటలను, సెలవులను నిర్ణయించు చట్టమేది అని ఆనాడు ఎవరైన అడిగియుండిన యెడల, వచ్చు సమాధానము కొంత వింతగా తోచియుండును. కిరాణా కొట్టు గుమాస్తాకు, బట్టల దుకాణములో తానులు విప్పి చూపు పనివానికి, హోటలు సర్వరుకు ఏ చట్టము వర్తించునో, కంప్యూటరు ముందు కూర్చున్న ఇంజనీరుకును ఆ చట్టమే వర్తించును. అదియే 1988వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ దుకాణములు, సంస్థల చట్టము.

ఈ చట్టపు వంశవృక్షము పాతది. మన దేశమున ఇటువంటి శాసనము 1939లో బొంబాయిలో పుట్టినది. 1947లో మద్రాసు రాష్ట్రము, 1951లో హైదరాబాదు రాష్ట్రము తమ తమ చట్టములను చేసికొన్నవి. ఆ రెండింటి స్థానమున 1966లో ఆంధ్రప్రదేశమునకంతకును ఒక చట్టము వచ్చినది. దాని స్థానమున 1988 నాటి చట్టము వచ్చినది. 2014లో రాష్ట్రము రెండైన పిదప తెలంగాణము కూడ దానినే తన పేర నిలుపుకొన్నది.

ఈ శాసనములను వ్రాసిన వారి కన్నుల ముందున్న మనిషి గుమాస్తా. యజమాని తలుపు తీసినది మొదలు, రాత్రి గల్లాపెట్టె లెక్క సరిచూచి తాళము వేయువరకు అతడు నిలువుకాళ్ళపై ఉండవలసినదే. అతనికి కర్మాగారముల చట్టపు రక్షణ లేదు. అందుచేత శాసనకర్తలు కొట్టు తెరచు వేళను, మూయు వేళను నిర్ణయించినారు. ఈ పద్ధతిలో ఒక సౌలభ్యమున్నది. కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరు లోనికి పోనక్కరలేదు. వీధిలో నిలుచుండి షట్టరు ఎత్తియున్నదో దించియున్నదో చూచిన చాలును. సాఫ్ట్‌వేర్ కార్యాలయమునకు షట్టరు లేదు. కష్టము అక్కడనే మొదలైనది.

చట్టములోని 16వ సెక్షను ప్రకారము సంస్థలలో దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలుబదెనిమిది గంటలు మించి పని చేయింపరాదు. 23వ సెక్షను ప్రకారము స్త్రీలచేత ఉదయము 6 గంటలకు పూర్వము గాని, రాత్రి 8.30 గంటల తరువాత గాని పని చేయింపరాదు. హైదరాబాదులో రాత్రి 8.30 గంటలైనపుడు న్యూయార్కులో వేసవి కాలమున ఉదయము 11 గంటలు, చలికాలమున 10 గంటలు. అనగా అమెరికాలోని ఖాతాదారుడు కుర్చీలో సర్దుకొని కూర్చుండి ఫోను అందుకొను వేళకు మన చట్టము స్త్రీలను ఇంటికి పొమ్మనుచున్నది. కాల్ సెంటర్లు ఈ నిబంధనతో నడువజాలవు.

చట్టమును సవరించుటకు శాసనసభ కలదు. ప్రభుత్వము ఆ దారిన పోలేదు. కొన్ని సెక్షనుల నుండి సంస్థలకు మినహాయింపు ఇచ్చు అధికారము చట్టములోనే ప్రభుత్వమునకు కలదు. దానిని ఉపయోగించి, ఈ రంగమునకు గడువుతో కూడిన ఉత్తర్వులు ఇచ్చి, గడువు తీరినపుడు పొడిగించుచు వచ్చినారు. ఆ ఉత్తర్వులను చదివితిమేని వాటిలో పేర్కొన్న సెక్షనులు ఇవి: 15, 16, 21, 23, 31, మరియు 47వ సెక్షనులోని మొదటి నాలుగు ఉపసెక్షనులు. తెరచు మూయు వేళలు, పని గంటలు, యువజనులను గూర్చిన నిబంధన, స్త్రీల రాత్రి పని, పండుగ సెలవులు ఇందులో చేరినవి. 47వ దానిని గూర్చి కొంచెము తరువాత చెప్పెదను.

“మా కంపెనీకి కార్మిక చట్టములు వర్తింపవు” అని ఈ రంగములోని యువకులు చెప్పగా పలుమారులు విన్నాను. అది సగము నిజము మాత్రమే. మినహాయింపు షరతులతో కూడినది. వారమునకు నలుబదెనిమిది గంటలు మించిన పనికి ఓవర్‌టైము ఇయ్యవలెను. వారమునకొక సెలవు దినము ఉండవలెను. పండుగనాడు పని చేయించినచో బదులుగా వేతనముతో మరియొక సెలవు ఇయ్యవలెను. స్త్రీలను రాత్రి షిఫ్టులలో నియమించినచో తగిన రక్షణను, ఇంటి నుండి రాకపోకలకు వాహనమును కల్పింపవలెను. షరతులు తప్పినచో మినహాయింపును రద్దు చేయు హక్కును ప్రభుత్వము తన వద్దనే ఉంచుకొన్నది. మరి ఉత్తర్వు ముట్టని సెక్షనులు యథాతథముగా నిలిచియున్నవి. సంవత్సరములో 240 దినములు పనిచేసినవారికి వేతనముతో కూడిన 15 దినముల సెలవును ఇచ్చు 30వ సెక్షను అట్టిదే.

రాత్రి పనిని నిషేధించుటయే స్త్రీలకు రక్షణ అను భావమును నేను సమర్థింపను. ఆ నిషేధము ఎందరికో ఉద్యోగమే లేకుండ చేసినది. కర్మాగారముల చట్టములోని ఇట్టి నిషేధమును మద్రాసు హైకోర్టు 2000లో కొట్టివేసినది. అయితే నిషేధము తొలగిన చోట షరతు నిజముగా నిలువవలెను. రాత్రి ప్రసారము ముగిసిన పిదప స్టేషను బండి కొరకు మెట్లపై ఎదురుచూచుట మావంటి ప్రసారకులకు అలవాటే. ఆ బండి వచ్చునా, దానిని నడుపువాడు తెలిసినవాడేనా అను ప్రశ్న ఎంత పెద్దదో ఆ మెట్లపై నిలిచిన వారికి తెలియును.

2005 డిసెంబరులో బెంగుళూరులో ఒక కాల్ సెంటరు ఉద్యోగిని, తెల్లవారుజామున తనను పనికి తీసికొనిపోవుటకు వచ్చిన క్యాబు డ్రైవరు చేతిలో హత్యకు గురియైనది. కర్ణాటకలోను ఇటువంటి దుకాణముల చట్టమే కలదు. అది 1961 నాటిది. రాత్రి పనిచేయు స్త్రీలకు రవాణా, రక్షణ ఏర్పాట్లు చేయవలెనను షరతును ఉల్లంఘించినారని కంపెనీ అధిపతిపై కార్మిక శాఖ కేసు పెట్టినది. దానిని కొట్టివేయవలెనని ఆయన సుప్రీంకోర్టు వరకు పోయినారు. 2008లో ఆ న్యాయస్థానము అందుకు నిరాకరించినది. వాహనమును కుదిర్చినంత మాత్రమున బాధ్యత తీరినదా లేదా అనునది విచారణలో తేలవలసిన విషయమే యని దీని ఫలితము. ఈ కేసులో నన్ను కలతపెట్టిన అంశము వేరొకటి కలదు. ఆ ఉల్లంఘనకు నాటి చట్టములో ఉన్న గరిష్ఠ శిక్ష వేయి రూపాయల జరిమానా.

ఇక 47వ సెక్షను. ఆరు నెలలకు తక్కువ గాకుండ ఎడతెగక పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణము లేక తొలగింపరాదనియు, ఒక నెల ముందుగా వ్రాతపూర్వకమైన నోటీసు గాని దానికి బదులు నెల జీతము గాని ఇయ్యవలెననియు, అయిదు సంవత్సరములు పనిచేసిన వానికి ఏటికి పదునైదు దినముల వేతనము చొప్పున పరిహారము ముట్టజెప్పవలెననియు ఆ సెక్షను చెప్పుచున్నది. కొట్టు గుమాస్తాకు నేటికిని ఈ రక్షణ కలదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి మినహాయింపు ఉత్తర్వు దానిని తొలగించినది.

న్యూయార్కులో పగలైనపుడు హైదరాబాదులో రాత్రియగుట సూర్యుని వలన జరుగుచున్నది. కారణము చూపక ఉద్యోగిని తొలగించుట సూర్యుని వలన జరుగుట లేదు. పని వేళలకు ఇచ్చిన మినహాయింపుల అవసరము నాకు బోధపడినది. వాటి వెంబడి ఈ సెక్షను ఏల పోయినదో బోధపడలేదు. విదేశపు ఖాతాదారుడు ఒప్పందమును ముగించినచో ఇక్కడ వందమంది ఒక్కసారిగా పనిలేక ‘బెంచి’పై కూర్చుందురని కంపెనీలవారు చెప్పుదురు. అది నిజమే. కాని 47వ సెక్షను తొలగింపును నిషేధింపలేదు. కారణము, నోటీసు, అయిదేండ్లు చేసినవానికి పరిహారము, ఇంతమాత్రమే అడిగినది.

ఇట్లుండగా తొలగింపు సాధారణముగా తొలగింపు రూపమున రాదు. ఉద్యోగిని ఒక గదిలోనికి పిలిచి, నీవే రాజీనామా ఇమ్ము, మంచి సర్టిఫికెట్టు ఇచ్చెదము అందురు. గృహఋణపు వాయిదాలు ఉన్నవాడు, తరువాతి కంపెనీ పాత కంపెనీని విచారించునను భయమున్నవాడు సంతకము చేయును. ఆ సంతకము విలువ ఎంతయో అతనికి తెలియదు. రాష్ట్ర ప్రభుత్వము తన చట్టమునుండి మినహాయింపు ఇయ్యగలదు గాని కేంద్ర చట్టమునుండి ఆ ఉత్తర్వుతోనే మినహాయింపు ఇయ్యజాలదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము, దాని స్థానమున 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతి – ఈ రెండును, ఏడాది పాటు ఎడతెగక పనిచేసిన కార్మికుని తగ్గింపు క్రింద తొలగించినచో నెల నోటీసు, ఏటికి పదునైదు దినముల వేతనము ఇయ్యవలెననినవి. స్వచ్ఛందముగా తప్పుకొన్నవానికి ఇది లేదు. రాజీనామా కాగితము ఎందుకు ముందుకు జరుపబడుచున్నదో దీనివలన ఊహించవచ్చును.

ఇంజనీరు ‘కార్మికుడు’ అగునా అను ప్రశ్న కంపెనీలు లేవనెత్తునదే. మేనేజర్లు కారు. నెలకు 18,000 రూపాయలకు మించి జీతమున్న పర్యవేక్షకులును కారు. కాని ఆ నిర్వచనములో ‘సాంకేతిక’ పని స్పష్టముగా చేరియున్నది. పదవి పేరు గాక చేయు పని స్వభావమే ముఖ్యమని న్యాయస్థానములు ఏనాడో తేల్చినవి. నలుగురిపై పెత్తనము లేక, దినమంతయు ప్రోగ్రాము వ్రాయువాని కార్డుపై మేనేజరు అని అచ్చు వేసినంతనే అతడు మేనేజరు కాడు.

ఇటీవలి మార్పు పని గంటలకు సంబంధించినది. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వము దుకాణములు గాక ఇతర వాణిజ్య సంస్థలలో దినమునకు పది గంటల వరకు పనికి అనుమతించినది. ఇదియు ఉత్తర్వు ద్వారానే. ఆంధ్రప్రదేశ్ మాత్రము అదే సంవత్సరము అట్టి మార్పునే సవరణ బిల్లుగా శాసనసభ ముందుంచి ఆమోదింపజేసికొన్నది. ఫలితమును గూర్చి ఎవరి అభిప్రాయము ఎట్లున్నను, సభలో చర్చకు వచ్చిన దానిని ప్రశ్నించుటకు ఉద్యోగికి తన సభ్యుడొకడు దొరకును.

తెలంగాణ ఉత్తర్వులో వారపు పరిమితి నలుబదెనిమిది గంటలే. ఓవర్‌టైము మూడు నెలలకు 144 గంటలు మించరాదు. అయిదు దినముల వారములో దినమునకు పది గంటల వంతున పనిచేసినచో మొత్తము యాబది గంటలు. అనగా శుక్రవారము సాయంకాలపు చివరి రెండు గంటలు ఓవర్‌టైము క్రిందికి వచ్చును. ఉద్యోగి లోనికి వచ్చిన నిమిషము, వెలుపలికి పోయిన నిమిషము ద్వారము వద్ద కార్డు చూపు యంత్రములో నమోదగుచునే యున్నవి. పూర్వము ఇన్‌స్పెక్టరు వీధిలో నిలిచి చూచిన షట్టరు స్థానమున నేడున్నది ఆ యంత్రమే. దాని లెక్క కంపెనీ లోపల ఉన్నది.